మావయ్య వదులు చేసిన తీగలు

నా చిన్నప్పుడు, సౌదీలో రాస్ తనూరాలోని మా రెండు గదుల క్వార్టర్సులో ఒక పియానో ఉండేది. ఆసుపత్రి నర్సు ఇంట్లో పియానో ఏమిటని అప్పట్లో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక తెల్లవాళ్ళ కుటుంబం దాన్ని మోసుకుపోలేక వదిలేస్తే, మా మావయ్య స్నేహితులను బతిమాలి, పికప్ బండిలో ఎక్కించి తెచ్చారు. తానుండే క్యాంపు గదిలో పట్టదని మా ఇంట్లో పెట్టారు. మంచం వేసే చోటు పోయిందని అమ్మ కాసేపు సణిగింది. మూత ఎత్తి లోపలి చెక్క వాసన చూశాక మాత్రం నోరెత్తలేదు. అమ్మ పుట్టింటివాళ్ళు పియానోలు చేసినవాళ్ళు మరి.

అమ్మవాళ్ళ తాతగారు కాకినాడలో వడ్రంగి. అక్కడి మిషన్ బడిలో ఒక పియానో సముద్రపు గాలికి జిగురు వదిలి విడిపోతే బాగు చేయమని ఆయన్ని పిలిచారట. ఆయన అంతకుముందు పియానో ముఖం చూసి ఎరగరు. అంతా విప్పి, ముక్కలన్నీ నేలమీద వరసగా పేర్చుకుని, జిగురున్న చోటల్లా ఇత్తడి మరలు వేసి బిగించి ఇచ్చారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఏ పియానో మూలిగినా కబురు ఆయనకే వచ్చేది. కొన్నాళ్ళకు సొంతంగా చేయడమే మొదలుపెట్టారు. ఇనుప చట్రాలూ తీగలూ ఓడలో వచ్చేవి. మిగతాదంతా గోదావరి టేకుతో ఇంటిల్లిపాదీ కలిసి చేసేవారు. మగవాళ్ళది చెక్కపని, ఆడవాళ్ళది సుత్తులకు ఉన్ని అంటించే పని. శ్రుతి చూసేది మాత్రం మా అమ్మమ్మ. చర్చిలో పాడీ పాడీ ఆవిడ చెవి అంత పదునెక్కింది. ఉప్పుగాలికీ చెదకీ లొంగని పియానోలకు మా కంపెనీ పెట్టింది పేరని అమ్మ గొప్పలు పోయేది.

ఓడలు బళ్ళవుతాయంటారు. కరెంటు కీబోర్డులు వచ్చాక అడిగేవాళ్ళు లేక కంపెనీ షెడ్డుకు తాళం పడింది. ఆ ఇంట్లో ఆఖరున పని నేర్చిన మావయ్య సౌదీ వచ్చి, ఒక కాంట్రాక్టరు దగ్గర పోర్టకాబిన్లకు తలుపులు బిగించేవారు. ఈ పియానోను ఎలాగైనా కాకినాడ చేర్చి, దీన్నే మొదటి సరుకుగా పెట్టి షెడ్డు మళ్ళీ తెరవాలని ఆయన ఆశ. వారాంతాల్లో వచ్చి, కన్నబిడ్డకు తలంటినంత శ్రద్ధగా దాన్ని తుడిచి, శ్రుతి చూసుకునేవారు.

ఇంతలో కువైట్ మీదికి ఇరాక్ వచ్చింది. నానమ్మకు బాగాలేదని ఇండియా వెళ్ళిన నాన్న అక్కడే చిక్కుకుపోయారు. మా పాస్‌పోర్టులు కఫీల్ దగ్గర, అంటే మాకు వీసా ఇప్పించిన యజమాని దగ్గర ఉన్నాయి. యుద్ధం తేలేదాకా నర్సులకు దేశం దాటే ఎగ్జిట్ కాగితం ఇచ్చేది లేదన్నారు. నన్ను ఒంటరిగా పంపడానికి అమ్మకు మనసొప్పలేదు, వెళ్ళడానికి నేనూ ఒప్పుకోలేదు. దాంతో మావయ్య తన పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేశారు.

ఇరాక్ వాళ్ళు క్షిపణులు వేసి గాలిలో విషం కలుపుతారని అందరూ చెప్పుకునేవారు. కిటికీలకు ప్లాస్టిక్ షీటు అంటించి, సందులన్నిటికీ టేపు వేశాం. సైరన్ మోగితే లోపలి గదిలోకి దూరి, తలుపుకూ టేపు వేసి, కింద తడి తువ్వాలు కుక్కేవాళ్ళం. గాజు పెంకులు మీద పడకుండా మావయ్య పియానోను ఆ గది కిటికీకి అడ్డంగా జరిపారు. అదే నా ప్రాణం మీదికి వచ్చింది. దూరంగా ఎక్కడ పేలుడు వినపడినా, ఎవరూ ముట్టుకోకుండానే దాని చివరి సన్న తీగలు వాటంతట అవే సన్నగా మోగేవి. ఆ మోత ఆగాక కూడా నా చెవుల్లో ఆగేది కాదు. తిన్న అన్నం ఇమడటం మానేసింది. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆసుపత్రి నుంచి అమ్మ వచ్చేవరకు గుమ్మం దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

ఒక సాయంత్రం అమ్మ డ్యూటీ దిగి బస్సెక్కే వేళకు సైరన్ మోగింది. మావయ్య నన్ను లోపలికి లాగి తలుపు వేసి టేపు అంటించారు. నేల అదిరింది. తీగలు మోగాయి. నేను వెళ్ళి ఆ టేపు పీకడం మొదలుపెట్టాను. అమ్మ బస్సులో ఉంది, ఆ బస్సుకు గోడలు లేవు, అద్దాలే ఉన్నాయి. నాకు వేరే ఆలోచన లేదు. మావయ్య నా చేతులు పట్టుకున్నారు. అమ్మకేమీ కాదని ఆయన అంటారనుకున్నాను. అనలేదు. పియానో ముందు పలక ఊడదీసి, తీగల మేకులు తిప్పే ఇనుప పిడి నా చేతిలో పెట్టారు.

"ఈ తీగలన్నీ బిగిసున్నాయి తల్లీ. గోడ కదిలి ఇనుప చట్రం పగిలిందంటే కొరడాల్లా కొడతాయి. మీ అమ్మొచ్చేలోగా వదులు చెయ్యాలి. ఒక్కచోటే తిప్పేవంటే మాత్రం చట్రం పగులుద్ది. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త."

ఆ మేకులు నా బలానికి కదిలేవి కావు. నా చేతుల మీద ఆయన చేతులు వేశారు. ఎడమ చివర ఒకటి కొంచెం, కుడి చివర ఒకటి కొంచెం, మళ్ళీ మధ్యలో. తిప్పినప్పుడల్లా మెట్టు నొక్కి, స్వరం ఎంత దిగిందో వినమనేవారు. వింటూ ఉంటే కంపెనీ కథ చెప్పేవారు. ఆయన చిన్నాన్న ఒకాయన తొందరపడి ఒక పక్క తీగలన్నీ ఒక్కసారే వదిలేస్తే, చట్రం విరిగిన చప్పుడుకు వీధివీధంతా పరుగెత్తుకొచ్చిందట. మా అమ్మమ్మ ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదట. ఇంకో పేలుడు వినపడింది. ఈసారి తీగలు పలికింది తక్కువ. తక్కువ పలికిందని నేనే మావయ్యకు చెప్పాను. చాలా రోజుల తర్వాత నేను ఆడిన మాట అది.

అమ్మ బస్సు ఇంకా రాలేదని మధ్యలో ఒకసారి ఏడుపు తన్నుకొచ్చింది. మావయ్య నా వైపు చూడకుండానే, "రాలేదు. ఆ కింద వరస ఉండిపోయింది, చూడు," అన్నారు. నేను కింద వరస అందుకున్నాను. ప్రమాదం తప్పిందని చెప్పే సైరన్ మోత ఎప్పుడొచ్చిందో గమనించనే లేదు. తలుపు తట్టి మమ్మల్ని పిలిచింది అమ్మే. బస్సును దారిలో ఆపి అందరినీ ఒక గోడ వెనక కూర్చోబెట్టారట. యూనిఫాం నిండా ఇసుక. నేను ఆవిడ నడుం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మావయ్య వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టారు.

యుద్ధం ముగిసేవరకు ప్రతి సైరన్‌కూ మేం అదే పని చేశాం. చివరికి ఏ మెట్టు నొక్కినా డొక్కు డబ్బా చప్పుడే వచ్చేది. నాకు అన్నం ఇమిడింది, నిద్ర పట్టింది. ఎండలు ముదిరాక మావయ్య తీగలు మళ్ళీ బిగించబోయారు. అన్నిసార్లు తిప్పిన మేకుల చుట్టూ చెక్క ఎడారి పొడిగాలికి ఎండి పట్టు వదిలేసింది. పొద్దున బిగించిన తీగ సాయంత్రానికి జారిపోయేది, కొన్ని తెగిపోయాయి. దాన్ని కాకినాడ పంపే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. తర్వాత దాని చెక్కతో మా ఇంటికి ఒక అలమర చేశారు. కంపెనీ షెడ్డు ఇక తెరుచుకోలేదు.

నేనూ అమ్మలాగే నర్సునయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవుకు కాకినాడ వెళ్ళినప్పుడు, పియానో అంటే ఏమిటో కాస్త తెలిసినదాన్ని కాబట్టి, అప్పటికి ఊరికి తిరిగొచ్చేసిన మావయ్యను అడిగాను. ఆ తీగలు నిజంగా వదులు చేయవలసి వచ్చిందా అని. ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టారు.

"పియానోకి అక్కర్లేదమ్మా. అలాగే ఉంచితే ఇంకో నలభై ఏళ్ళు పలికేది. నీ చేతులకి పనుండాలి. నా చేతులకీను. నాకూ భయమేసింది."

ఆ మాట విన్నాక నాకు కన్నీళ్ళు ఆగలేదు. మూడు తరాల కంపెనీ మళ్ళీ లేస్తుందన్న ఒక్కగానొక్క ఆశను, ఒక పిల్ల వణుకు తగ్గించడానికి ఆయన మేకు మేకుగా వదులుకున్నారు. వదులుకున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్ళకు ఏమీ కాదని నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలియని మాట నేనెలా చెప్పను? దుప్పటి మడత పెట్టమంటాను, పక్కవాళ్ళ పిల్లను కాసేపు ఎత్తుకోమంటాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, కానీ చేస్తారు.

మావయ్య ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అన్ని చావులు చూసిన మా అమ్మ తన అన్న మంచం పక్కన నిలువెల్లా వణికిపోయింది. ఆయన గోళ్ళు పెరిగాయి, తీయమ్మా అని కత్తెర ఆవిడ చేతికిచ్చాను. అమ్మ కళ్ళు తుడుచుకుని ఒక్కో గోరే తీయడం మొదలుపెట్టింది. మాట పడిపోయిన మావయ్య కళ్ళు తెరిచి నా వంక చూశారు. చూసి, రెండో చెయ్యి కూడా నెమ్మదిగా అమ్మ ముందుకు చాపారు.