ముందు సీట్లో దిండు

ఆటోనగర్‌లో మా షెడ్డుకి పెద్ద బోర్డే ఉంది. దాని మీది పేరు చెప్పి అడిగితే పక్క షెడ్డువాడు కూడా తెలియదంటాడు. "మామ్మగారి షెడ్డు" అంటేనే తెచ్చి దింపుతారు.

షెడ్డు పెట్టింది నా భర్త. ఆయన పోయేనాటికి బండిలో ఇంజను ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు గానీ, అది ఏం చేస్తుందో తెలియదు. పామర్రు దగ్గరి పల్లెటూళ్లో మూడో తరగతితో నా చదువు అయిపోయింది. మెకానిక్కులు వచ్చి ఏదో అరిగిందనీ, ఏదో మార్చాలనీ చెప్పేవాళ్లు. నిజం చెబుతున్నారో లేదో తేల్చుకునే దారి లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. బాగుచేసిన బండిని ట్రయల్‌కి తీసుకెళ్లేటప్పుడు పక్క సీట్లో నేను కూర్చుంటాను. పనిచేసినవాడే నడపాలి. నేను దిగి సరే అన్నాకే బండి ఆసామికి ఇవ్వాలి.

మొదట్లో నవ్వుకున్నారు. కొన్నాళ్లకి, "ఒరే, అమ్మగారు ఎక్కే బండిరా, ఆ నట్టు ఇంకోసారి చూడు" అని వాళ్లలో వాళ్లే అనుకోవడం నా చెవిన పడింది. అలా ఏళ్లు గడిచేసరికి బండి మూలిగితే ఎక్కడ మూలుగుతోందో నాకూ తెలియడం మొదలైంది. వ్యాన్లలో సీటు స్ప్రింగులు గుచ్చుకుంటుంటే పాత చీర మడతపెట్టి, బూరుగు దూది కూరి, ఒక దిండు కుట్టుకున్నాను. ట్రయల్ అంటే ముందు దిండు ఎక్కేది, తరువాత నేను ఎక్కేదాన్ని.

చివరికి మోకాళ్లు ఎక్కనివ్వలేదు. ఇబ్రహీంపట్నంలో ఉన్న మా అమ్మాయి వచ్చి, షెడ్డుకి మంచి బేరం ఉందని చెప్పింది. కొనే ఆయన రేకులు పీకేసి గోడౌను కట్టుకుంటాడట.

"ఒక్క సంతకంతో అయిపోతుందే అమ్మా."

"నాకు అయిపోతుంది. ఆ నలుగురికీ అప్పుడు మొదలవుతుంది," అన్నాను.

ఆ నలుగురూ పొట్టిలాగులతో వచ్చి నా దగ్గరే పని నేర్చుకున్నవాళ్లు. ఇంజను పని చూసే పెద్ద మెకానిక్‌కి ఇప్పుడు మనవరాలు కూడా ఉంది. మిగతా ముగ్గురిలో ఒకడిది బ్రేకుల పని, ఒకడిది కరెంటు పని, ఒకడిది సొట్టలు తీసే టింకరింగు. షెడ్డు వాళ్లకే ఇస్తానన్నాను. నేనేమీ దానం చేయలేదు. వచ్చే ఆదాయంలోంచి నెలనెలా నాకు తీర్చేటట్టు, నలుగురికీ సమానమైన వాటా ఉండేటట్టు ప్లీడరు చేత కాగితాలు రాయించాను. ట్రయల్ పద్ధతి మాత్రం కాగితంలో లేదు, నోటితో చెప్పాను. పనిచేసినవాడు నడపాలి, మిగిలిన ముగ్గురిలో ఒకడు పక్కన కూర్చోవాలి.

"మేమే ఓనర్లం అయితే మరి మమ్మల్ని తిట్టేదెవరండీ?" అన్నాడు పెద్ద మెకానిక్.

"ఒకళ్లనొకళ్లు తిట్టుకోండి. ఇన్నాళ్లూ విన్నారుగా, రాదా?"

అందరూ నవ్వారు. నేను తాళాలు ఇచ్చి ఇంటికి వచ్చేశాను. పిలవకుండా వెళ్లకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ దిండు మరచిపోయాను. కొన్నాళ్లకి, ఇంట్లో కుర్చీకి దిండు కొనమని అమ్మాయి అంటే, ఉన్నది పెట్టుకుని కొత్తది కొనడమేమిటని, దాన్ని తెచ్చుకోవడానికి బయలుదేరాను. మర్నాడు బడులు తెరుస్తారనగా, ఆ మధ్యాహ్నం.

షెడ్డు ముందు పసుపుపచ్చ బడి వ్యాను ట్రయల్‌కి సిద్ధంగా ఉంది. బ్రేకుల పనివాడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పక్క సీట్లో మనిషి లేడు. నా దిండు ఉంది. దానికి పూలపూల కొత్త గలీబు కూడా తొడిగారు.

"ఇదేంట్రా?"

"మీ దిండేనండీ," అన్నాడు పెద్ద మెకానిక్, చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"కనబడుతోందిలే. అక్కడెందుకుంది?"

"మీ సీటు కదండీ. అందులో కూర్చోడానికి మాకెవరికీ మనసొప్పక, ప్రతి ట్రయల్‌కీ దిండు పెట్టి తీసుకెళ్తున్నామండీ."

"మరి దిండేమంటోంది? బ్రేకు బాగుందందా?"

కరెంటు పనివాడు కిసుక్కున నవ్వి, నా మొహం చూసి బానెట్టు వెనక్కి తప్పుకున్నాడు.

ఇంతలో వ్యాను ఆసామి టీ తాగి వచ్చాడు. మా పుట్టింటి వైపు మనిషే. పొలాలు కౌలుకిచ్చి బడులకి వ్యాన్లు తిప్పుతాడు. అతని బళ్లన్నీ మా షెడ్డుకే వస్తాయి. ఆ ఒక్క ఆసామీ పోతే నలుగురికీ పని సగానికి సగం పడిపోతుంది.

"మామ్మగారూ! సమయానికి వచ్చారు. రేప్పొద్దున్నే పిల్లలెక్కే బండి. మీరొక్క రౌండు కూర్చుని సరే అనండి, తీసుకుపోతాను."

"నేను కూర్చోను బాబూ. ఈ షెడ్డు ఇప్పుడు నాది కాదు. దిండు కోసం వచ్చాను."

"అదేంటండీ! మీరు కూర్చుంటారనే గదా అందర్నీ దాటుకుని ఇక్కడికి తెచ్చేది. మీరు చూడనిదానికి ఇక్కడైతేనేం, ఇంకో చోటైతేనేం? మిగతా బళ్లు వేరే చూసుకుంటాలెండి."

అతను గట్టిగానే అన్నాడు. నలుగురూ నా వంకే చూశారు. మెట్టెక్కితే మోకాలు నొస్తుంది, అంతకు మించి నాకు పోయేదేమీ లేదు. కానీ ఇవాళ ఎక్కితే వచ్చే వారం మళ్లీ కబురొస్తుంది. నేను మంచాన పడ్డ రోజున షెడ్డు కూడా పడుతుంది.

"నువ్వెక్కరా," అన్నాను పెద్ద మెకానిక్‌తో.

అతను ఎక్కకుండా నన్ను నీళ్ల డ్రమ్ము దగ్గరికి పక్కకి తీసుకెళ్లాడు.

"మీరు తప్పు పడితే వాడికి కోపం రాదండీ. నేను పడితే? ఇద్దరం సమానం గదా. రేపు నా ఇంజను పనికి వాడు వంక పెడతాడు."

"పెట్టనీ. అందుకేగా నలుగురికి ఇచ్చింది? వంక పెట్టేవాడు అక్కర్లేదనుకుంటే నీ ఒక్కడికే ఇచ్చేదాన్ని."

అతను వ్యాను దగ్గరికి నడిచాడు. తలుపు తీసి, దిండు తెచ్చి నా చేతిలో పెట్టి, ఆ సీట్లో కూర్చున్నాడు. బ్రేకుల పనివాడు అతని వైపు చూడకుండానే గేరు వేశాడు.

బండి బందరు రోడ్డు వైపు వెళ్లింది. నేను పాత టైరు మీద దిండు వేసుకుని కూర్చున్నాను.

"పామర్రు వైపు మనిషిననైనా చూడలేదు మీరు," అన్నాడు ఆసామి.

"పామర్రు వైపు మనిషివి, సెలవులన్నాళ్లూ బండి ఇంటి దగ్గర పెట్టుకుని, రేపు బడి అనగా తెస్తావా?"

 షెడ్డు ఫ్లాస్కులో టీ ఉంది, పోయమంటావా అని అడిగాను. "వద్దండీ, మీ టీ నాకు తెలుసు, నీళ్లే ఎక్కువ," అన్నాడు.

వ్యాను తిరిగొచ్చింది. పెద్ద మెకానిక్ దిగి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"గట్టిగా తొక్కితే ఎడమకి లాగుతోంది. విప్పాలి."

"బ్రేకుకి కొత్త లైనర్లు వేశానన్నా! ఒరుసుకునేదాకా కాస్త లాగుతుంది. నీకు తెలీదా?"

"తెలుసు. ఇది ఆ లాగడం కాదు. ఈ బండిలో నా మనవరాల్ని నేను ఎక్కించను."

బ్రేకుల పనివాడు నా వైపు తిరిగాడు. నేనేమంటానోనని మిగతావాళ్లూ తిరిగారు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. గోడకి తగిలించిన పాత ట్యూబుల వైపు చూస్తూ కూర్చున్నాను. అంత కష్టమైన పని ఆ షెడ్డులో నేనెప్పుడూ చేయలేదు.

బ్రేకుల పనివాడు స్పానరు నేలకేసి కొట్టాడు. మళ్లీ తనే వంగి తీసుకున్నాడు. జాకీ పెట్టి కుడి చక్రం విప్పాడు. డ్రమ్ము లోపల బ్రేకు ఆయిలు కారి, కొత్త లైనరు తడిసి ఉంది. కుడివైపు పట్టు లేకనే బండి ఎడమకి పోయింది.

"పొద్దున చూసినప్పుడు పొడిగానే ఉందన్నా," అన్నాడు, గొంతు తగ్గించి.

"ఉండే ఉంటుందిలే. ఆయిలు కారే ఆ సిలిండరు మార్చు. నేను పట్టుకుంటాను," అన్నాడు పెద్దవాడు, పక్కనే గొంతుక్కూర్చుంటూ.

ఆసామి లోపలికి తొంగిచూసి, ఆ తడి చూసి, కొంచెం తగ్గాడు. బండి ఎప్పుడిస్తారని నన్నడిగాడు. నేను షెడ్డులోకి చెయ్యి చూపించాను. వెళ్లి పెద్ద మెకానిక్‌ని అడిగాడు.

"బ్రేకు పని వాడిదండీ. వాణ్ణే అడగండి."

"సాయంత్రానికి ఇస్తాను," అన్నాడు బ్రేకుల పనివాడు, తల ఎత్తకుండానే. "ట్రయల్‌కి అన్నయ్య ముందు కూర్చుంటాడు. మీరు వెనక ఎక్కండి."

మిగతా బళ్ల మాట ఆసామి మళ్లీ ఎత్తలేదు. పంపిస్తానని కూడా అనలేదు. బెంచీ మీద దుమ్ము దులుపుకుని, సాయంత్రం దాకా ఉండేవాడిలా కూర్చున్నాడు.

నేను లేచాను.

"రెండో ట్రయల్ దాకా ఉండరా అమ్మగారూ?" అన్నాడు పెద్ద మెకానిక్.

"ఎందుకూ?"

దిండుకి తొడిగిన కొత్త గలీబు విప్పి అతని చేతిలో పెట్టాను. షెడ్డు డబ్బుతో కుట్టించింది షెడ్డులోనే ఉండాలి. చేతులు తుడుచుకోడానికి పనికొస్తుంది.

షేరాటోలో దిండు వేసుకుని కూర్చున్నాను. బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటోంది.

"బ్రేకు చూపించుకోవయ్యా," అన్నాను డ్రైవరుతో, దిగేటప్పుడు.

"ఎక్కడ మామ్మగారూ?"

"ఆటోనగర్‌లో. నలుగురి షెడ్డు అని అడుగు."

"అలాంటిదేం లేదండీ. మామ్మగారి షెడ్డని ఒకటుంది గానీ."

"అదే. పేరు మారింది," అని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, దిండు చంకలో పెట్టుకుని దిగాను.