సత్యకుమారి పిన్ని లేసు దుప్పటి

నేను బట్టలు కుట్టేదాన్ని. ఎవరి జాకెట్టు చూసినా చంక దగ్గర పట్టేసిందా, భుజం జారిందా అని చూడకుండా ఉండలేను. అది నా జబ్బు. ఇంకో జబ్బు కూడా ఉంది. లైనింగు గుడ్డ ఎవరు తెచ్చినా ముందు బకెట్లో తడిపి, ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెడతాను. "ఎందుకు ఉషా ఇంత ఆలస్యం" అని ఎవరైనా విసుక్కుంటే, "తడపకుండా కుడితే ఉతికాక బిగిసిపోతుంది, అప్పుడు నన్నే తిడతారు" అని నోరు మూయిస్తాను. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ చెబుతున్న ఈ ముక్క, చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు సత్యకుమారి. మా పక్కిల్లు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ పిన్నీ అని పిలుస్తాను. భర్త త్రిమూర్తులు బాబాయి రెండెకరాలు కౌలుకి చేస్తాడు. ఒక్కతే కూతురు అశ్విని, పెళ్ళయి తునిలో ఉంటుంది. మాది నరసాపురానికి మూడు మైళ్ళ దూరంలో కాలవ పక్క ఊరు. మధ్యాహ్నం వంటలు అయ్యాక ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళ చేతుల్లో లేసు సూది ఆడుతూ ఉంటుంది. మాటలు నడుస్తూనే ఉంటాయి, చెయ్యి ఆగదు.

లేసు పని బయటివాళ్ళు అనుకున్నట్టు ఉండదు. ఏజెంటు రామలక్ష్మిగారు కంపెనీ నుంచి దారం ఉండలు తెచ్చి తూచి ఇస్తుంది. వారం తిరిగాక పువ్వులు తూచి పట్టుకెళుతుంది. మా ఊరివాళ్ళం పువ్వులే అల్లుతాం. వాటిని కలిపే అతుకు పని కాలవ అవతలి ఊరిది. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చెయ్యడం కంపెనీలో జరుగుతాయి. ఎవరి పని వాళ్ళది. పక్కవాళ్ళ పని మనకి తెలియాలని ఎవరూ అనుకోలేదు, చెప్పనూ లేదు.

పిన్నిది ఎనిమిది రేకుల పువ్వు. నడుమ ఆవగింజంత ముడి. పదకొండో ఏట వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. మొన్న మొన్నటిదాకా, అంటే దాదాపు నలభై ఏడేళ్ళు, ఆ ఒక్క పువ్వే అల్లింది. కంపెనీకి కూడా వేరే పువ్వు అడగాల్సిన అవసరం రాలేదు. అంత పొందిగ్గా ఉండేది.

పన్నెండో ఏట వాళ్ళమ్మ వెంట నరసాపురం కంపెనీకి వెళ్ళిందట. అక్కడ పెద్ద బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు ఒక దుప్పటి పరుస్తున్నారు. కిటికీ వెలుతురు పడి తెల్లగా మెరుస్తోంది. పిన్ని దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ ఎనిమిది రేకుల పువ్వులే. "ఇందులో నాది ఏదండీ?" అని అడిగింది. వాళ్ళలో ఒకావిడ నవ్వి, "ఎవరికి తెలుసే పిల్లా? అన్నీ ఒకలాగే ఉంటాయి. చెయ్యి తియ్యి, మాస్తుంది" అందట.

ఆ మాట పిన్ని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే అనేది. "అన్నీ నావే ఉన్న దుప్పటి ఒకటి అల్లుతానే. దాని మీద పడుకుంటాను. దొరసానులు ఎక్కడో సముద్రాలవతల మన పువ్వుల మీద హాయిగా పడుకుంటారంట. ఒక్క రోజు నేను పడుకుంటే ఏం పోయింది?"

అదేం పెద్ద కోరిక కాదు కదా! బంగారం అడగలేదు, మేడ అడగలేదు. తను చేసిన వస్తువు మీద తను పడుకోవాలనుకుంది.

దారం కొనుక్కునే స్తోమత ఎప్పుడూ లేదు. కానీ తూచి ఇచ్చిన దారంలో తరుగు కింద కంపెనీ కొంచెం వదిలేస్తుంది. పిన్ని తరుగు రానిచ్చేది కాదు. మిగిలిన ముక్కలు ముడేసి, ఉండ చుట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచేది. రామలక్ష్మిగారే "నీ చేతి పొదుపు, నువ్వే ఉంచుకో" అనేసింది. అలా పన్నెండేళ్ళ పాటు ఆ డబ్బాలోకి ఎన్నెన్ని ఉండల దారం చేరిందో! దాంతోనే తన దుప్పటి పువ్వులు అల్లేది. అతుకు పని కూడా ఎవరినీ అడక్కుండా, కంపెనీ దుప్పటి ఫొటో ఒకటి సంపాదించి, చూసి నేర్చుకుంది.

నేను ఆటపట్టించేదాన్ని. "పిన్నీ, నీ దుప్పటి అయ్యేసరికి నా మనవలు కప్పుకుంటారు." "పో వెధవా, నీకు ముట్టుకోనివ్వను కూడా" అనేది.

నాలుగేళ్ళ క్రితం కళ్ళు పాడవడం మొదలైంది. గుమ్మాలకి గుద్దుకునేది, పక్కనుంచి వచ్చే సైకిలు కనపడేది కాదు. భీమవరంలో చూపిస్తే నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకోవాలి, లేసు పని మానెయ్యమన్నారు. కంపెనీ పని మానేసింది. డబ్బాలో దాచిన దారంతో దుప్పటి మాత్రం మానలేదు. అశ్విని ఫోనులో ఏడ్చి, తిట్టి, చివరికి "నా చిన్నప్పుడు నీ ఒళ్ళో ఎప్పుడు పడుకుందామన్నా దారం ఉండలే ఉండేవి, ఇప్పుడు కళ్ళు కూడా దానికేనా?" అంది. పిన్ని ఆ రోజంతా సూది ముట్టుకోలేదు. మర్నాడు మళ్ళీ పట్టుకుంది.

"ఎంతవరకు కనిపిస్తుంది పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందే. ఒక పువ్వు కనిపిస్తుంది. పక్క పువ్వు చూడాలంటే తల తిప్పాలి."

దుప్పటంతా ఒక్కసారిగా చూడటం ఆవిడకి ఇక లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆవిడకీ తెలుసు. "చూడకపోతే పోనీలేవే. పడుకోవడానికి కళ్ళెందుకు?" అని నవ్వేసింది.

త్రిమూర్తులు బాబాయి మాటకారి కాదు. గాలివానకి పడిపోయిన వేపచెట్టు దుంగ తెచ్చి, వడ్రంగి చేత పెద్ద మంచం చేయించాడు. "ఇంత మంచం ఎందుకు బాబాయ్, ఉన్నది ఇద్దరేగా?" అంటే, "దుప్పటికి సరిపోవాలిగా అమ్మా" అన్నాడు.

రథసప్తమి వెళ్ళిన వారానికి దుప్పటి అయిపోయింది. ఆరు వందల నలభై ఎనిమిది పువ్వులు. మంచం మీద పరిచాం. అంచులు నాలుగు పక్కలా కిందికి వేలాడాయి. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి చూశారు. అతుకు ఎంత సాపుగా వచ్చిందంటే, నా కుట్టు కళ్ళతో వెతికినా వంక దొరకలేదు. కానీ పన్నెండేళ్ళ చేతి మురికి కదా! అక్కడక్కడ చెమట మరకలు, గోధుమరంగు. అప్పుడు నోరు జారాను.

"ఒకసారి వేడినీళ్ళల్లో సోడా వేసి ఉతుకుదాం పిన్నీ. తెల్లగా మెరిసిపోతుంది. అప్పుడు పడుకుందువుగాని."

పిన్ని మొహం వెలిగింది. "కంపెనీలో చూసినంత తెల్లగా వస్తుందంటావా?"

"దానికంటే తెల్లగా."

నేనే నీళ్ళు కాచాను. గంగాళంలో నానబెట్టింది నేను, పిండింది నేను, బాబాయి ధాన్యం ఆరబోసే బరకం పెరట్లో వేసి దాని మీద పరిచింది కూడా నేనే. పిన్ని అరుగు మీద కూర్చుని, "వచ్చిందా ఉషా? తెల్లగా వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. "మల్లెపువ్వులా ఉంది పిన్నీ" అన్నాను. అబద్ధం కాదు. తెల్లగానే వచ్చింది.

ఎండ ఎక్కేకొద్దీ దుప్పటి లేవడం మొదలుపెట్టింది. ఒక పువ్వు ముడుచుకుంటే దాని చుట్టూ ఉన్నవి బొబ్బల్లా పొంగాయి. ఇంకోచోట నాలుగు పువ్వులు దగ్గరికి లాగేసుకుని మధ్యలో గొయ్యి పడింది. అంచులు వంకర్లు పోయాయి. లాగి సాపు చేశాను. వదలగానే మళ్ళీ లేచింది. ఏం జరిగిందో నాకు అప్పుడే అర్థమైంది. ఉండ ఉండకీ దారం వేరు. కొన్నిటికి నీళ్ళు తగిలితే దగ్గరవుతాయి, కొన్నిటికి ఏమీ కాదు. ఒకే దారంతో అల్లినది ముడుచుకున్నా అంతా ఒకేలా ముడుచుకుంటుంది. పన్నెండేళ్ళ ముక్కలు కలిపితే ఇలాగే అవుతుంది.

బాబాయి వచ్చి చూసి, నా మొహం చూసి, ఒక అంచు పట్టుకున్నాడు. ఇద్దరం దాన్ని తీసుకెళ్ళి మంచం మీద వేశాం. "బాగుందే. చాలా బాగుంది" అన్నాడు గట్టిగా. చూడటానికొచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా "బాగుందండీ, ఎంత తెలుపో" అన్నారు. నాకు వాళ్ళందరినీ బయటికి గెంటాలనిపించింది.

పిన్ని మంచం పక్కన కూర్చుని దుప్పటి మీద చేతులు పెట్టింది. నలభై ఏడేళ్ళుగా చూసుకున్న పువ్వులు. వేళ్ళు ఒక్కో పువ్వు మీదా ఆగుతూ ముందుకెళ్ళాయి. పొంగిన చోట ఆగాయి. గొయ్యి దగ్గర ఆగాయి. మళ్ళీ వెనక్కొచ్చాయి.

"ఇది గరుకు దారం. అశ్విని పెళ్ళయిన ఏడాది వచ్చింది. ఇదేమో నున్నటిది, మెరుపు దారం" అంది. మళ్ళీ గొయ్యి దగ్గర తడిమి, "గరుకువన్నీ ముడుచుకున్నాయి కదే?" అంది.

నేను ఏడ్చేశాను. "నా వల్లే పిన్నీ. ఉతకమన్నది నేనేగా. లైనింగు గుడ్డ తడపందే ముట్టుకోనుగా, నా బుద్ధి ఏమైపోయిందో."

"ఊరుకోవే. నువ్వు చెప్పకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఉతకాలిగా" అంది.

ఆ మాట అనే బదులు తిట్టినా బాగుండేది. మాయని దుప్పటి ఎక్కడుంటుంది? మొదటి ఉండ దాచిన రోజునే ఇది ఇలా అవుతుందని రాసిపెట్టి ఉంది. మాకెవరికీ తెలియదు, అంతే.

మర్నాడు రామలక్ష్మిగారు వచ్చి చూసి నిట్టూర్చింది. "కంపెనీలో ఏ దారం పువ్వులు ఆ దారానికి విడిగా సంచుల్లో కడతారమ్మా. కలవనివ్వరు."

"అంతా తెలిసి ముందు చెప్పలేదేంటండీ?" అని విరుచుకుపడ్డాను.

"పువ్వులల్లే వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెబుతారు ఉషా? అయినా నువ్వు బట్టలు కుట్టేదానివి. నీకు తట్టలేదా?"



బాబాయి ఊరుకోలేదు. మూడు రోజుల పాటు పొద్దున్నే దుప్పటి తడిపి, ఒక కొస తను, ఒక కొస పిన్ని పట్టుకుని, పంచె మడత పెట్టేటప్పుడు లాగినట్టు లాగేవారు. "లాగండి, ఇంకొంచెం" అని ఆవిడ. "వస్తోందే, వస్తోంది" అని ఆయన. అంచుల మీద రాళ్ళు పెట్టి ఎండలో ఉంచేవారు. ఆరాక రాళ్ళు తీస్తే మళ్ళీ అదే బొబ్బ, అదే గొయ్యి. మూడో రోజు ఒక అతుకు పుటుక్కుమని తెగింది. ఆ తర్వాత లాగడం మానేశారు.

"ముడుచుకున్నవి తీసేసి, ఆ చోట కొత్తవి పెడదాం పిన్నీ. మనూళ్ళో అందరం తలా పది అల్లుతాం" అన్నాను.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "నేను అల్లలేనుగా. మీరల్లితే అది నాదెలా అవుతుందే?" అంది.

ఇంకేం చెప్పను? నేను కుట్టగలను, విప్పగలను, సాగదీయగలను. ఆవిడ కళ్ళు తేలేను. రెండు రోజులు మిషను తొక్కబుద్ధి కాలేదు.

శుక్రవారం పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. కింద అదే దుప్పటి. బాబాయి చేలోకి వెళ్ళిపోయాడు.

"పడుకున్నావా పిన్నీ దీని మీద?"

"పడుకున్నాను."

ఇటు తిరిగింది. కుడి చెంప మీద పువ్వు అచ్చు పడి ఉంది. ఎనిమిది రేకులు, నడుమ చిన్న గుంట. మెడ మీద ఇంకోటి సగం. ఆవిడకి తెలియదు.

"నిద్ర పట్టలేదే" అంది, తప్పు చేసినట్టు. "ముడులు గుచ్చుకుంటున్నాయి. సాపుగా ఉన్న పక్కకి జరిగాను. అక్కడా గుచ్చుకున్నాయి. దీని మీద ఎలా పడుకుంటారే ఆ దొరసానులు?"

నాకు ఆ సంగతి తెలుసు. దుప్పటి పాడైన మర్నాడు, బాగుచేసే ఉపాయం ఏదైనా ఉంటుందేమోనని ఫోనులో వెతుకుతుంటే కంటపడింది. వాళ్ళు లేసు దుప్పటి మీద పడుకోరు. పగలు అందానికి పరుచుకుని, పడుకునే ముందు తీసి మడత పెట్టేస్తారు. నలభై ఏడేళ్ళుగా మా అరుగుల మీద చెప్పుకున్న ఆ హాయి నిద్ర ఎక్కడా, ఎవరూ నిద్రపోలేదు.

నోటిదాకా వచ్చింది. కాఫీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాను.

"అలవాటైతే గుచ్చుకోదేమో పిన్నీ" అన్నాను.

పిన్ని తల ఊపింది. కాఫీ తాగుతూ రెండో చేత్తో ఒక పువ్వు నడుమ ముడిని గోటితో నొక్కి చూసింది. అది ఆవిడ వేసిన ముడి. కదల్లేదు.

"అయితే ఇవాళ కూడా పడుకుని చూస్తానే" అంది.