పొట్లాల్లో పోయిన పుస్తకం

నా చిన్నప్పుడు, సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్‌లో మా కిరాణా కొట్టుకి కాగితాల కొరత ఎన్నడూ రాలేదు. ఊరు ఊరంతా కంప్యూటర్ నేర్చుకోవడానికి ఎగబడుతున్న రోజులవి. అమీర్‌పేట నుంచి కోర్సుల కరపత్రాలు కట్టలు కట్టలుగా వచ్చిపడేవి. వాటితోపాటు పాత పేపర్లు, పరీక్షలయిపోయిన పిల్లల పుస్తకాలు, షూటింగ్ ముగిసిన సినిమాల డైలాగు కాగితాలు, అన్నీ తిరిగి తిరిగి మా నాన్న గల్లా పక్కన దొంతరలోకే చేరేవి. ఆయన ఒక్కో కాగితం చింపి, శంఖంలా చుట్టి, అందులో పుట్నాలో పల్లీలో పోసి, పైనుంచి వేలాడే పురికొస లాగి ఒక్క మెలికతో కట్టేవారు. నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు కానీ, తెలుగు నేను నేర్చుకున్నది ఆ పొట్లాల మీదే. అందుకే నా తెలుగు చదువుకి మొదలూ చివరా ఉండేవి కావు. ఏ కథయినా సగంలో మొదలై నూనె మరక దగ్గర ఆగిపోయేది.

బేరం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకుండానే వచ్చింది. పాలు తాగమంటే బదులేమిస్తావని అడిగేదాన్నని మా అమ్మ ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. ఆ మాట నిజమే. కోడిపిల్లకి గింజలు ఏరుకోవడం వచ్చినట్టే మా ఇంట్లో పిల్లలకి బేరం వచ్చేది. చేసిన బేరాల్లో సగం నాకే నష్టమయ్యేవి, అది వేరే సంగతి.

మా కొట్టు పక్కింట్లో, మేడమీది గదిలో ఒక మామ్మ ఉండేది. కొడుకు సినిమాల్లో దుస్తులు కుట్టే పని చేసేవాడు. పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు తరలివచ్చినప్పుడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. అంతకుముందు వాళ్లది శ్రీకాకుళం వైపు ఊరు. అంతకన్నా ముందు, మామ్మ చిన్నతనంలో, బర్మాలో రంగూన్. అక్కడి రేవులో ఆవిడ తండ్రి మూటలు మోసేవాడట. ప్రపంచయుద్ధంలో ఆ నగరం మీద బాంబులు పడ్డప్పుడు వేలమందితోపాటు ఆ కుటుంబం కూడా అడవులూ కొండలూ పట్టి నడుచుకుంటూ బయటపడింది. ఆ నడక గురించి మామ్మ ఒక పుస్తకం రాసి, మద్రాసులో ఉండగా అచ్చువేయించింది. ఎవరూ కొనలేదు. ఆ కట్టలన్నీ ఆవిడ మంచం కింద ఉండేవి. కొడుకు వాటిని 'అమ్మ మూటలు' అనేవాడు.

ఒక వేసవి సాయంత్రం నన్ను పైకి పిలిచి ఒక పుస్తకం చేతిలో పెట్టింది.

"ఇది కాస్త చదివిపెట్టవే అమ్మడూ. రాసింది నేనే. కళ్లకి పొరలొచ్చి ఇప్పుడు అక్షరాలన్నీ చీమల్లా పాకుతున్నాయి."

"చదివితే నాకేమిస్తవ్ మామ్మా?"

"ఇదేటి, ముసలిదానితో కూడా బేరమే? షావుకారు పిల్లవనిపించుకున్నావు. సరే, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆగు. అర్థం చెప్తాను."

"అర్థం డిక్షనరీల గూడ ఉంటది."

"అయితే కొసరు కూడా వేస్తాను. పుస్తకంలో రాయనిది."

కొసరు అనేసరికి నేను లొంగిపోయాను. మా కొట్లో ఎవరేం కొన్నా, తూకం అయిపోయాక చేయి చాపి కొసరు అడగనిదే కదిలేవారు కాదు. మా నాన్న గుప్పెట్లో నాలుగు గింజలు తీసి పైన వేసేవారు. కొన్న సరుకు కంటే ఆ నాలుగు గింజలకే మొహాలు వెలగడం నేను రోజూ చూసేదాన్ని.

అలా మా చదువు మొదలైంది. కందకం, పహరా, కనుమ, మజిలీ, కాందిశీకులు. నోరు తిరగని మాటలన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయనిపించేది. కాందిశీకులంటే ఎవరని అడిగితే, యుద్ధానికో కరువుకో భయపడి ఉన్నచోటు వదిలి పారిపోయి వచ్చినవాళ్లని చెప్పి, దానికి కొసరుగా, ఓడ టికెట్టు దొరకక రేవులో కూర్చుని ఏడ్చిన తన తండ్రి గురించి చెప్పింది. అంత పెద్ద మనిషి ఏడవడం ఆవిడ అదే మొదటిసారి చూసిందట. ఆ తర్వాత ఆ మాట నాకు ఎప్పుడు కనబడినా మీసాలాయన ఒకడు మోకాళ్లలో తల పెట్టుకుని కనిపిస్తాడు.

ఒకరోజు 'దారిబత్తెం' అనే మాట వచ్చింది. ఈసారి మామ్మ అర్థం చెప్పలేదు. "కొట్లోకి వెళ్లి, ఎన్నాళ్లు పడుతుందో తెలియని దూరానికి నడిచి వెళ్లాలంటే నువ్వేం పట్టుకెళ్తావో సంచిలో వేసుకుని రా" అంది. మా కొట్టు మొత్తం నా కళ్లముందు తిరిగింది. బిస్కెట్లు, బెల్లం, అటుకులు, చాక్లెట్లు, ఎందుకైనా మంచిదని ఒక పౌడరు డబ్బా కూడా వేశాను. మా నాన్న నవ్వుకుని ఊరుకున్నారు. ఆ సంచి భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండమంది మామ్మ. తను పైమెట్టు మీద కూర్చుంది. కాసేపటికి పౌడరు డబ్బా కింద పెట్టాను. ఇంకాసేపటికి బెల్లం పోయింది. చెమటలు కారుతుంటే సంచి మొత్తం దించేసి నీళ్లడిగాను.

"చూశావా, నీళ్లు తీసుకురానేలేదు" అంది. "మేం ఉప్పు మరిచిపోయాం. మా అమ్మ ఇత్తడి బిందె తెచ్చింది, మొదటి కొండ దగ్గరే వదిలేసింది. బయల్దేరేటప్పుడు మూటకట్టేది కాదే దారిబత్తెం. అన్నీ పారేశాక కూడా చేతిలో మిగిలేది."

సంచి తిరిగి కొట్లో సర్దుతున్నప్పుడు అటుకుల పొట్లం ఒకటి తగ్గింది. అది మామ్మ కొసరుగా పుచ్చుకుందని తర్వాత తెలిసింది.

అలా చదువుతూ చదువుతూ కొండల దగ్గరికి వచ్చాం. ఒక పేజీలో చిన్న వాక్యాలు రెండున్నాయి. కనుమ ఎక్కుతుండగా తమ్ముడికి జ్వరం ఎక్కువైంది. మర్నాడు మేము ముందుకు సాగాము. అంతే. పుస్తకంలో ఆ మొదటి వాక్యంలో తమ్ముడన్న మాటకి ముందు వాడి పేరుంది. మిగతా పుస్తకంలో ఆ పేరు మళ్లీ రాదు.

నేను ఆగాను. "ఇందుల తెల్వని మాట ఒక్కటి గూడ లేదు మామ్మా. అయినా కొసరు కావాలె."

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. వీధిలో ఆటోలు హారన్లు కొడుతున్నాయి. తర్వాత, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. వాడికింకా సరిగ్గా నడక రాలేదు. తండ్రి కొండవాలులో చేతులతో తవ్వి, ఆకులు కప్పాడు. తల్లి మాత్రం వాణ్ణి ఎత్తుకున్న గుడ్డని పారేయలేదు. అలాగే మడిచి చంకలో పెట్టుకుని, బరువున్నట్టే ఒక పక్కకి వంగి నడిచింది.

"ఫొటో లేదు. రాయి పాతలేదు. ఆ చోటు నాకే తెలీదు. ఆ ముక్కే వాడికి మిగిలిన జాగా. దానికోసమే మిగతా పుస్తకమంతా రాశాను. రాస్తే ఎవరైనా వాడి పేరు పలుకుతారనుకున్నాను. నువ్వు తప్ప ఇంకెవరూ పలకలేదే."

ఆ నెలలోనే పక్కింటి ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. పడగొట్టి, సాఫ్ట్‌వేర్ పిల్లలకి హాస్టల్ కడతాడట. మామ్మ కొడుకు ఎర్రగడ్డలో ఒక చిన్న గది చూశాడు. కుట్టుమిషన్లు పెడితే మంచానికే చోటు చాలదు.

"మూటలు పెట్టడానికి జాగా లేదమ్మా. చెత్తబండికి ఇచ్చేద్దాం" అన్నాడు మెట్లమీద నిలబడి. అప్పుడు నాకు అర్థమైంది, ఆ మూటలతో పాటు ఎవరి జాగా పోతుందో.

మర్నాడు మామ్మ గోడ పట్టుకుంటూ మా కొట్టుకి వచ్చింది. వెనక కొడుకు కట్టలు మోసుకొచ్చి గల్లా పక్కన దించాడు.

"ఇవి పొట్లాలకి వాడుకో నాయనా" అంది మా నాన్నతో.

నేను గొంతు చించుకున్నాను. "పుస్తకాన్ని చింపుతవా మామ్మా? పాపం తగుల్తది!"

మా నాన్నకి కూడా చేతులాడలేదు. రోజూ ఎన్నో పుస్తకాలు చింపే మనిషి, రాసినావిడ ఎదురుగా ఉంటే ఒక పుస్తకం తీసి కళ్లకద్దుకుని, "సరస్వతిని ఎట్ల చింపాలె అమ్మా?" అన్నారు.

"ఇన్నేళ్లూ అలాగే కళ్లకద్దుకుని పక్కన పెట్టారయ్యా అందరూ. మెట్లమీద కూర్చుని చూస్తున్నానుగా, నీ పొట్లం విప్పినవాడు గింజలు తిన్నంతసేపూ ఆ కాగితం చదువుతాడు. వేషం దొరికేదాకా వీళ్లకి పనేటుంది? కొనమంటే ఒక్కడూ కొనలేదు. కొసరుగానైనా వెళ్లనీ."

తూకం వేసి ధర కట్టిద్దామని మా నాన్న కాంటా దగ్గరికి జరిగితే, ఆవిడ తక్కెడ మీద చెయ్యి అడ్డం పెట్టింది. నాకొక్క కాపీ ఉంచుకుంటానని బతిమాలాను. బిస్కెట్ ప్యాకెట్టు ఇస్తానన్నాను. నా పెన్సిల్ డబ్బా ఇస్తానన్నాను. నా జీవితంలో అంత మనసుపెట్టి ఎప్పుడూ బేరం ఆడలేదు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నీకెందుకే, నువ్వు చదివేశావుగా. ఆ కాపీ ఇంకొకరి వంతు."

వాళ్లు వెళ్లిపోయారు. మా కొట్లో శనగపప్పు, మిరియాలు, పల్లీలు అన్నీ బర్మా కాగితాల్లో వెళ్లడం మొదలైంది.

కొద్దిరోజులకి ఒక సాయంత్రం సైనికుడు ఒకడు కొట్టు ముందుకొచ్చాడు. పైన జూబ్లీహిల్స్‌లో ఏదో యుద్ధం సినిమా తీస్తున్నారు. మా వీధి జూనియర్ ఆర్టిస్టులంతా ఆ వారం ఖాకీ బట్టల్లో, మొహానికి ఎర్రరంగుతో చాయ్ తాగుతూ తిరిగేవారు. ఇతను చంకలో ప్లాస్టిక్ హెల్మెట్టు పెట్టుకుని, నలిగిన కాగితం ఒకటి గల్లా మీద పరిచాడు.

"అన్నా, నిన్న పల్లీలు గిందుల కట్టిచ్చినవ్. గీ చిన్న పిలగాడు ఏమైండే? తర్వాతి కాగితం ఉందా?" అని, పిల్లవాణ్ణి పేరు పెట్టి అడిగాడు.

ఆ పేరు వేరే మనిషి నోట వినడం నాకదే మొదటిసారి. మా నాన్న నావైపు చూశారు.

"తర్వాతి కాగితంల గూడ లేదు. అది నాకే తెలుసు" అన్నాను.

"అయితే నువ్వే చెప్పు పాపా. షాట్ మధ్యల గూడ గదే యాదికొస్తుంది."

"రేపు రా. అడిగి చెప్త."

ఆ సాయంత్రమే ఇంకా ఒకరిద్దరు అదే అడిగారు. ఒక డాన్సరు అక్క అయితే అడుగుతూ అడుగుతూ కళ్లు తుడుచుకుంది. నేను ఆగలేక మర్నాడే మా నాన్న స్కూటరు ఎక్కి ఎర్రగడ్డ వెళ్లాను. మిషన్ల మధ్య మంచం మీద మామ్మ కూర్చుని ఉంది. జరిగిందంతా ఒక్క ఊపున చెప్పాను. ఆ సైనికుడు పేరు పెట్టి అడిగాడని చెప్పినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ చెప్పు, ఎలా అడిగాడు?" అంది. అతని యాసలోనే మళ్లీ చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది.

"మరి ఏం చెప్పావే?"

"ఏం చెప్పలే. నీ కొసరు గద, నిన్నడగకుంట ఎట్లిస్త?"

మామ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు అద్దుకుంది. "ఇచ్చెయ్యవే షావుకారమ్మా. అడిగినవాడికి లేదనకు. గుడ్డ సంగతి కూడా చెప్పు, రాయలేకపోయాను అది." తలుపుదాకా వచ్చాక వెనక్కి పిలిచింది. "ముందు పుట్నాలు కొనమను."

చెప్పాను. ఆ సైనికుడు పుట్నాలు కొన్నాడు, పొట్లం విప్పకుండా నిలబడి విన్నాడు. వాళ్లమ్మ చంకలో ఖాళీ గుడ్డ పెట్టుకుని వంగి నడిచిందని చెప్పేసరికి, అద్దెకు తెచ్చుకున్న ఆ హెల్మెట్టును ఏం చేయాలో తెలియనట్టు చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. ఆ రోజు కొసరు అడగడం మరిచిపోయి వెళ్లాడు. మా నాన్న వెనక్కి పిలిచి మరీ గుప్పెడు వేశారు.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా ఉందనుకోను. మా కొట్టూ లేదు, అక్కడ మొబైల్ షాపు వచ్చింది. ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయల దగ్గర నేను ఆడే బేరం చూసి మా పిల్లలు నాకు దూరంగా నిలబడతారు. వాళ్లు చదువుతూ చదువుతూ తెలియని మాటకి అర్థం అడిగితే మాత్రం చెప్పి ఊరుకోలేను. అర్థం ఫోన్లో కూడా దొరుకుతుంది. ఆ మాట వెనక ఎవరు నడిచారో, ఏం దించేశారో కూడా చెప్పేదాకా నాకు తూకం సరిపోయినట్టుండదు. కాలేజీకి వెళ్తూ మా అమ్మాయి సంచిలో టిఫిను డబ్బా పెట్టుకుంటుంటే దారిబత్తెం అంటాను. తను నవ్వుతుంది. నేను మంచినీళ్ల సీసా ఉందా లేదా అని చూస్తాను.

ఆ పిల్లవాడి పేరు ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని మీకు అనిపించి ఉంటుంది. మా కొట్లో కొసరు ఎప్పుడూ చివర్లోనే వేసేవారు. ఇంతదూరం ఓపికగా వచ్చారు కనక, బేరమేమీ లేకుండా ఇస్తున్నాను. ఒక్కసారి పైకి పలకండి.

అప్పన్న.