మొక్కజొన్న చేల మధ్య నాకొక జాగా

అయోవాలో మా ఆవిడ వాళ్ళ ఊరి చర్చిలో ఇచ్చే కాఫీ గురించి నాకొక ఫిర్యాదు ఉంది. కప్పు నిండా పోసినా అడుగు కనిపిస్తుంది. మా వైపు అంత పలచగా ఉన్నదాన్ని గిన్నె కడిగిన నీళ్ళంటారు, కరివేపాకు మొక్కకి పోస్తారు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా ఆవిడతో అన్నాను. తను అటూ ఇటూ చూసి, "మా అమ్మ ముందు అనకు. ఆ కాఫీ పెట్టేది ఆవిడే," అంది.

ఆ తరవాత ముప్పై ఏళ్ళు ఆ కాఫీ తాగాను. రెండో కప్పు కూడా అడిగేవాణ్ణి. అల్లుడరికం అన్నాక కొన్ని తప్పవు.

ఈ ఏడాది మంచు కరిగే రోజుల్లో మా అత్తగారు కన్నుమూశారు. తొంభై ఆరేళ్ళు. ఆవిడ పుట్టిన ఇల్లూ, మెట్టిన ఇల్లూ, పెళ్ళాడిన చర్చీ అన్నీ ఒకే కంకర రోడ్డు మీద ఉన్నాయి. అలాగని ఆ రోడ్డు దాటి ఎక్కడికీ వెళ్ళలేదని కాదు. వేరే రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆదివారం రాకముందే తిరుగు ప్రయాణం కట్టారు. "నేను లేకపోతే చర్చిలో కాఫీ ఎవరు పెడతారు?" అన్నారు. ఎవరు పెట్టినా ఇంతకంటే చిక్కగానే వస్తుందని నాకు తోచింది. తోచినవన్నీ అనకూడదు కదా.

పొద్దున్నే పందులకి మేత, తరవాత ప్రార్థన, తరవాత ఆరుగురు పిల్లలు. ఆవిడ దినచర్య అదీ. మీ వంతు ఎప్పుడొచ్చేదండీ అని మామగారిని ఒకసారి అడిగితే, "కోతలయ్యాక," అన్నారు. ఆయనే చెప్పిన సంగతి ఇంకోటి. ఒక ఏడాది వడగళ్ళు పడి చేనంతా నేలకి అంటుకుపోయిందట. ఆ మధ్యాహ్నం కూడా అత్తగారు భోజనం బల్ల దగ్గర తల వంచి దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టారట. మామగారు ఉండబట్టలేక కళ్ళు తెరిచి, "దేనికి?" అన్నారట.

"బంగాళాదుంపలు నేల లోపల ఉంటాయిగా," అన్నారట ఈవిడ.

నన్ను మొదటిసారి ఆ ఇంటికి తీసుకెళ్ళినప్పుడు మతం గురించి నిలదీస్తారనుకున్నాను. దారి పొడుగునా డ్రైవ్ చేస్తూ సమాధానాలు వల్లె వేసుకున్నాను. ఆవిడ నన్ను వంటగదిలో నుంచోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "నువ్విక్కడ ఉన్నట్టు మీ అమ్మకి తెలుసా?"

దానికి మాత్రం నేను ప్రిపేర్ కాలేదు. తెలియదన్నాను.

"అయితే ముందు ఫోన్ చెయ్యి. ఆపిల్ పై ముక్క తరవాత తిందువుగాని."

ఇవన్నీ ఇంగ్లీషులో నడిచిన మాటలే. ఎందుకో నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

భోజనానికి ముందు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుని ప్రార్థన చేసేవారు. ఒకడికి ఉద్యోగం, ఒకామెకి మోకాలి నొప్పి తగ్గడం, పెద్ద కొడుక్కి కాస్త ఓర్పు. నా దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, "ఇతనికి ప్రయాణంలో క్షేమం," అనేవారు. నా గురించి దేవుణ్ణి ఇంకేం అడగాలో తెలియక అలా అనేవారని నా అనుమానం. ఫలితం మాత్రం బాగానే ఉంది. ఇన్నేళ్ళలో నాకు ఒక్క స్పీడింగ్ టికెట్ రాలేదు.

మతం మారమని ఏనాడూ అనలేదు. మా బావమరుదులు మాత్రం, "కంగారుపడకు, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది," అని నాకు ధైర్యం చెప్పేవాళ్ళు.

రెండేళ్ళ కిందట మెమోరియల్ డేకి మేం అక్కడున్నాం. ఆ రోజు అక్కడ ప్రతి ఇంటివాళ్ళూ పోయినవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టి వస్తారు. అత్తగారు పెరట్లో పియోనీ పూలు కోసి, పాత రేకు డబ్బాల్లో నీళ్ళు పోసి అమర్చి, నన్ను కారు తియ్యమన్నారు. మా ఆవిడ బయల్దేరబోతే, "నువ్వు బంగాళాదుంపలు చూడు," అన్నారు. ఏదో ఉందని అప్పుడే అర్థమైంది.

సమాధుల తోట చర్చి వెనకే. మూడు వైపులా మొక్కజొన్న చేలు. అంతకుముందే పోయిన మామగారి సమాధి రాతి మీద ఆవిడ పేరు కూడా ముందే చెక్కించి ఉంది. పుట్టిన సంవత్సరం, ఒక చిన్న గీత, ఆ తరవాత ఖాళీ. కొత్తగా కట్టించుకున్న వంటగది చూపించినట్టు చూపించారు.

మన పెంపకం ఊరుకోదు కదా. "ఇప్పుడెందుకండీ ఆ మాటలు? మీరు నిండు నూరేళ్ళూ ఉంటారు," అన్నాను.

ఆవిడ లెక్క వేసుకున్నారు. "ఆరేళ్ళేనా?"

తరవాత చేతికర్రతో ఒక్కొక్క జాగా చూపించారు. ఇది పెద్దవాడిది, ఇది రెండోవాడిది, ఇది మా అమ్మాయిది. దాని పక్క జాగా మీద కర్ర ఆగింది. "దీని సంగతి నువ్వేమనుకుంటున్నావు?"

ఆ తోటలో చర్చి సంఘస్థులకి తప్ప చోటు లేదని నాకు తెలుసు. బావమరుదులు చెప్పిన రోజు వచ్చేసిందనుకున్నాను. "అంటే నన్ను చర్చిలో చేరమంటారా?"

"నిన్నెవరు చేరమన్నారు? సంఘ పెద్దలతో నేను మాట్లాడాను. ఒప్పుకున్నారు."

"ఎలా ఒప్పుకున్నారండీ?"

"వాళ్ళందరికీ సండే స్కూల్లో పాఠం చెప్పింది నేను. అందులో ఒకడు లాగు తడుపుకుంటే మార్చింది కూడా నేనే. శవపెట్టె అయినా సరే, బూడిదైనా సరేనన్నారు."

మా ఇంట్లో ఈ విషయం ఎప్పుడో తేలిపోయిందనే నా ఉద్దేశం. దహనం చేసి, అస్థికలు గోదావరిలో కలపమని మా ఆవిడకి చెప్పి ఉంచాను. తను సరేనంది. ఆ తరవాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వాళ్ళమ్మ దగ్గర ఎత్తిందని ఇప్పుడు తెలిసింది.

"మా అమ్మానాన్నల్ని కూడా గోదావరిలోనే కలిపామండీ," అన్నాను.

"ఆ నది ఇక్కడికి ఎంత దూరం?"

"రెండు విమానాలు, ఒక కారు."

ఆవిడ తలూపారు. మన ఆచారాన్ని కాదన్నట్టు లేదు, దూరం గురించి ఆలోచిస్తున్నట్టుంది. అయినా నాకు తెలిసిన దారిలోనే తప్పుకున్నాను. "చూద్దాం లెండి," అన్నాను. మా కోనసీమలో అయినా అయోవాలో అయినా ఈ మాటకి ఒకటే అర్థం. అది ఆవిడకీ తెలుసు.

"పరలోకంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో దేవుడు చూసుకుంటాడు. అది ఆయన పని," అన్నారు. "ఈ గడ్డి సంగతి నేను చూడాలి."

మెల్లగా వంగి, డబ్బాని మామగారి రాతి ముందు మట్టిలోకి గట్టిగా తిప్పి నాటారు, గాలికి పడిపోకుండా. ఆయన పోయాక ఏ ఏడూ ఆ పని మానలేదు. సాయం చెయ్యబోతే నా చెయ్యి తోసేశారు. లేచి నిలబడి, ఊపిరి కూడదీసుకుని, నా వైపు తిరిగారు.

"మా ఇంట్లో మగాళ్ళే ముందు పోతారు. నిన్ను నీళ్ళల్లో కలిపేస్తే, మా అమ్మాయి పూలు పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలి?"