మానుకోటలో ఊడ్వని గది

దయ్యాలనీ గాలిధూళనీ నేనెన్నడూ నమ్మలేదు. వల్లకాడు పక్కనుంచే ఒంటరిగా గడ్డిమోపు మోసుకొచ్చేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కాని మానుకోటలో చూసింది మాత్రం చూశాను.

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. జఫర్‌గఢ్ పక్కన మా ఊరి మీద దాడులు ఎక్కువై, బాపు నన్నూ అన్ననూ బెజవాడలో చుట్టాలింటికి పంపించాడు. మానుకోట, అంటే ఇప్పటి మహబూబాబాద్, చేరేసరికి రైలు వెళ్లిపోయింది. మళ్లీ సాయంత్రమే. స్టేషన్ దగ్గర ఒక పూటకూళ్ల ఇంట్లో గది తీసుకున్నాం.

అంత మురికి గది నేను మళ్లీ చూడలేదు. నేలంతా దుమ్ము. మూలన ఎవరో సగం తిని వదిలేసిన విస్తళ్లు, వాటిలో ఎండి రాళ్లయిన మెతుకులు. చాప మీద తలనూనె మరకలు. కుండలో నీళ్లకు పురుగు పట్టింది. ఆ ఇంటి ముసలవ్వ అరుగు మీద కూర్చుని మావైపు కూడా చూడలేదు.

“అవ్వా, గీ అర్ర జర ఊడ్పియ్యరాదు?” అన్నాడు అన్న.

“ఊడ్చేది లేదు. ఉంటె ఉండుండ్రి, లేకుంటె పోండ్రి.”

“గిదేం మర్యాదనో” అని గొణుక్కుంటూ అన్న రైలు సంగతి కనుక్కోవడానికి స్టేషన్‌కు వెళ్లాడు.

నేను వీధి తలుపు గడియ పెట్టి, పెరట్లో దొరికిన చీపురుతో గదంతా ఊడ్చాను. విస్తళ్లు పారేశాను. బావి నీళ్లు తెచ్చి, చల్లుకుంటూ వెనక్కి నడిచి పెరటి గుమ్మంలోకి వచ్చాను. చెంబు కింద పెట్టి తలెత్తాను.

తడినేల మీద అడుగులు! చాప దగ్గర మొదలై వీధి తలుపు దాకా. మగ పాదాలు, ఆడ పాదాలు, వాటి మధ్య అప్పుడప్పుడే నడక నేర్చినట్టున్న చిన్న పాదాలు. అన్నీ బయటికి పోతున్నవే. వచ్చినవి ఒక్కటీ లేవు. తలుపు గడియ వేసే ఉంది.

చీపురు చేతపట్టుకుని ఇంటి పక్కనుంచి అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె ముందుగా చీపురును చూసింది.

“ఊడ్చినవా బిడ్డా?”

నా చేతిలోంచి చీపురు లాక్కుని సంగతి చెప్పింది. మాలాగే పారిపోతున్న ఆలుమగలు పిల్లాడితో ఆ గదిలో దిగారట. అన్నం తింటుండగా తుపాకులవాళ్లు వచ్చి లేపుకుపోయారట.

“పొయ్యేటప్పుడు ఆ పోరని తల్లి ఎనుకకు తిరిగి, ‘అవ్వా, మళ్ల వస్తం, మా ఎనుక ఊడ్వకు’ అన్నది. మనిషి పోంగనె ఊడిస్తె మళ్ల రారంటరు గద. అందుకే గిట్లనే ఉంచిన.”

అన్న తిరిగొచ్చి తానూ చూశాడు. ఎండాకాలం. మిగతా నేలంతా ఆరిపోయింది. అడుగులు మాత్రం తడిగానే ఉన్నాయి. ప్రతిదానికీ నన్ను ఎగతాళి చేసే అన్న వెంటనే మూట ఎత్తుకున్నాడు.

అవి ఎవరి అడుగులో, ఎందుకు ఆరలేదో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

మేం గడప దాటుతుంటే అవ్వ మా పక్కకు చూస్తూ అంది, “నేల కాలుతున్నది. పోరన్ని ఎత్తుకొని పోండ్రి.”

మాతో పిల్లలెవరూ లేరు.