దొరసాని ఆయాసం

ముప్పై ఏళ్ళ పైబడి నా గుండెల మీద ఒక అక్షరం కూర్చుని ఉంది. ఎవరినీ కొట్టలేదు, ఎవరింటా దొంగతనం చెయ్యలేదు. ఒక్క అక్షరం. మీరు నవ్వుతారేమో. నవ్వండి. నేనూ చాలాసార్లు నవ్వి తేలిక చేసుకుందామని చూశాను. కుదరలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే ఈమాత్రం ధైర్యం వచ్చింది. ఎదురుగా ముఖం కనిపిస్తే నాకు నోరు పెగలదు. ఇన్నేళ్ళూ కోర్టులో ఇతరుల మాటలను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పలికిన నోరు ఇది. వాళ్ళ దొంగతనాలూ వాళ్ళ కొట్లాటలూ గడగడా చెప్పేసిన నోరు, సొంత మాట దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నములుతోంది.

మొదటి నుంచీ చెబుతాను. మా నాన్న చెరకు తోటల ఒప్పందం మీద విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి మారిషస్ వచ్చినవాడు. నేను చెరకు నరకలేదు. సెయింట్ పియర్ దగ్గర ఒక ఇంగ్లీషు రైల్వే ఇంజనీరు బంగళాలో బల్ల దగ్గర వడ్డించే పని దొరికింది. ఆరేళ్ళు ఆ దొరకీ దొరసానికీ సూప్ పోస్తూ వెనక నిలబడ్డాను. అప్పటికి నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. కానీ చెవులున్నాయి. దొర కోపంగా ఉంటే ఏ మాట ఎలా విరిచేవాడో, దొరసాని చుట్టాల గురించి చెప్పేటప్పుడు ఏ మాట సాగదీసేదో, అన్నీ ఈ చెవుల్లో పడి అక్కడే ఉండిపోయాయి.

సింహాద్రి సంగతి దీనికి తలకిందులుగా ఉండేది. మాకు చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవాళ్ళం. నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఎస్టేటులో చెరకు నరికేవాడు, శనివారాలు మందిరంలో భజన పెట్టేవాడు. ఊళ్ళో అందరూ సిమ్మాద్రి అని పిలిస్తే ఆయన మాత్రం తన పేరు చెప్పేటప్పుడు మధ్యలో 'హ' దగ్గర కాస్త ఆగి, సిం-హా-ద్రి అని నిండుగా పలికేవాడు. దేవుడి పేరు నమిలి మింగకూడదనేవాడు. చిన్నప్పుడు నాలుగేళ్ళు బడికి వెళ్ళాడు. అక్కడి మేస్టారు ఈ దీవి యాస ఫ్రెంచి, అంటే క్రియోల్, మాట్లాడేవాడు; ఆ నోటితోనే ఇంగ్లీషు నేర్పాడు. కాబట్టి సింహాద్రికి ఇంగ్లీషు చదవడం వచ్చు; వినడం రాదు. ఇంగ్లీషువాడు నోరు తెరిస్తే ఆయనకి ఒక్క ముక్క అందేది కాదు.

కోర్టుకి తెలుగు దుబాసీ కావాలని కబురు వచ్చింది. పోర్ట్ లూయిస్‌లో పరీక్ష. ఇంగ్లీషు పైకి చదవాలి, దొర చెబుతుంటే విని రాయాలి. ఉద్యోగం ఒక్కటే.

ఆ ఉద్యోగం ఆయనకెందుకు కావాలో నాకు తెలుసు. ఆయన తండ్రిని ఒకసారి పనికి రాలేదని కోర్టుకి లాక్కెళ్ళారు. "ఒళ్ళు బాగోలేక పనికి పోలేదు" అని చెప్పుకున్నాడట పెద్దాయన. అరకొర తెలుగు వచ్చిన దుబాసీ "పనికి పోలేదు" అన్న సగమే జడ్జీకి వినిపించాడు. మిగతా సగం ఆ గదిలోనే పోయింది. పెద్దాయన జ్వరంతోనే జైలుకి వెళ్ళాడు. తిరిగి వచ్చాక ఎక్కువ కాలం లేడు. ఆ పోయిన సగం మాట కోసం సింహాద్రికి ఆ ఉద్యోగం కావాలి. మరి నాకెందుకు? చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. నల్లకోటు కోసం. బూట్ల కోసం. సూప్ గిన్నె పట్టుకుని ఇంకొకరి వెనక నిలబడకుండా ఉండటం కోసం.

ఆరు నెలలు ఆదివారాలు మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. సెయింట్ పియర్‌లో చీనావాడి కొట్లో ఉప్పుచేపలు పాత పత్రికల్లో చుట్టి ఇచ్చేవారు. వాటిలో ఫ్రెంచి మధ్యన అక్కడక్కడా ఇంగ్లీషు ఉండేది. సింహాద్రి ఆ కాగితాలు అడిగి తెచ్చి, ఆరబెట్టి, అరచేత్తో ముడతలు తీసి నా ముందు పరిచేవాడు. నేను చదువుకున్న మొదటి ఇంగ్లీషు అంతా ఉప్పుచేపల కంపే. చిరిగిన చోట మాట ఏమై ఉంటుందో ముందూ వెనకా చూసి పట్టుకోవడం కూడా ఆయనే నేర్పాడు. ఏ, బీ, సీల నుంచి మొదలుపెట్టి, ఇంత వయసు వచ్చినవాడికి, ఒక్కసారి కూడా విసుక్కోకుండా నేర్పాడు. పనిలో పనిగా తెలుగు అక్షరాలూ దిద్దించాడు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు ఆయన పెట్టిన భిక్షే.

బదులుగా నేను చెవి ఇవ్వాలి. అదీ మా ఏర్పాటు. ఇంజనీరు దొర మాటలు నేను అనుకరిస్తే ఆయన రాసేవాడు. ఒక మాట అందకపోతే వదిలెయ్యాలనీ, దాని కోసం ఆగితే వెనక మూడు వాక్యాలు పారిపోతాయనీ నేనే చెప్పాను. ఆయన త్వరగానే పట్టుకున్నాడు. చాలా త్వరగా. నాలుగో నెలకి నాకు అనుమానం వచ్చింది. ఆయన చదువు నాకు ఏనాటికీ రాదు, నా చెవి మాత్రం ఆయనకి వచ్చేస్తోంది.

పరీక్ష ఇంకా మూడు వారాలు ఉందనగా ఒక సెలవు రోజున పాంప్లెమూస్‌లోని పెద్ద తోటకి వెళ్ళాం. తోట చూడటానికి కాదు. అక్కడికి ఇంగ్లీషువాళ్ళు షికారుకి వస్తారు, వాళ్ళ వెనకాల నడుస్తూ మాటలు వినవచ్చునని సింహాద్రి ఉపాయం. చెట్లు చూస్తున్నట్టు నటిస్తూ ఒక లావుపాటి దొరసాని వెనక గంటసేపు తిరిగాం. తామర కొలను దగ్గర ఆవిడ గొడుగు మడిచి, మొగుడితో "వాట్ ఎ హారిబుల్ హీట్!" అంది.

సింహాద్రి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు ఇప్పటికీ నాకు కనిపిస్తాయి.

"బావా, ఇన్నావా? హారిబుల్ హీట్ అంది! అచ్చంగా మన హరిలో 'హ' లాగే పలికింది. మా బడి మేస్టారు మిస్యే అది మూగక్షరం, పలకొద్దు అనీవోడు. పలుకుతాది కాబోలు గదా?"

"అది అచ్చరం కాదు బావా, ఆయాసం. ఎండకి రొప్పుతోంది దొరసాని. మనిషిని సూడు, ఎంత లావుందో."

"వ్రే? నిజంగానా?"

"ఆరేళ్ళు ఆళ్ళ బల్లకాడ నిలబడినాను, నాకు తెల్దేటి? ఈళ్ళూ ఫ్రెంచోళ్ళ లాగే దాన్ని మింగేస్తారు. నువ్వు 'హ' అన్నావంటే దొర నవ్వుతాడు."

ఆయన కాసేపు దొరసాని వైపే చూశాడు. తరవాత తల ఊపాడు.

"బోం, మంచిది. నువ్వు సెప్పినావంటే అంతే. ముందే అడిగినాను, బతికిపోనాను. నీ మేలు మర్చిపోను బావా."

అంతే జరిగింది. గొంతు కూడా వణకలేదు నాకు. ముందుగా అనుకున్నానా? లేదు. అనుకోకుండా వచ్చిందా? అదీ కాదు. ఆయన ఆ మాట అడిగిన క్షణంలో నాకు రెండు జవాబులూ కనిపించాయి. మా ఊరి వాళ్ళందరికీ క్రియోల్ మాటలతో నాలుక తిరిగిపోయి ఆ శబ్దం నోటికి రావడమే కష్టం. ఈయనకి మాత్రం ఏళ్ళ తరబడి హరినామం పాడి పాడి అది సిద్ధంగా ఉంది. దేవుడి పేరుతో సంపాదించుకున్నదాన్ని ఒక్క మాటతో తీసేసుకున్నాను. పైగా ఆయన చెవి తప్పు విని ఉంటే అదొక దారి. సరిగ్గా విన్నది! సరిగ్గా విన్న మనిషి చేత, తను విన్నది తప్పు అనిపించాను. గురువు స్థానంలో నిలబడి చేశాను ఆ పని.

పరీక్షకి తెలుగు కోసం వచ్చినవాళ్ళం మేమిద్దరమే. మేడ మీద చదివించారు. ఆయన్ని ముందు పిలిచారు. తలుపు తెరిచే ఉంది, నేను వరండాలో ఉన్నాను. కొండ మీద ఇల్లు, ఇంటి ముందు గుర్రం, అలాంటి పాఠమేదో ఇచ్చారు. సింహాద్రి భజన గొంతుతో, మాట మాటకీ ఆగి, హిల్‌ని ఇల్ అన్నాడు, హౌస్‌ని ఔస్ అన్నాడు, హార్స్‌ని ఆర్స్ అన్నాడు. లోపల గుమాస్తాలు నవ్వు ఆపుకోలేకపోయారు. దొర మళ్ళీ చదవమన్నాడు. సరిగా వినపడలేదేమో అనుకుని ఆయన ఇంకా గట్టిగా, అలాగే చదివాడు. చదివాక ఆయన్ని కిందికి పంపేశారు. తరవాత నేను 'హ' పలుకుతూ చదివింది ఆయన వినలేదు. అది కూడా నా అదృష్టం అనుకున్నాను ఆ రోజు. ఎంత చెడ్డ అదృష్టం!

కింద గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి దొర చెప్పడం మొదలుపెట్టాడు. వరుసకొకటి 'హ'. ఆ దొర బక్కపలచటి మనిషి. నిమ్మళంగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. గది చల్లగా ఉంది. ఎవరికీ ఆయాసం లేదు. సింహాద్రి కలం ఆగిపోయింది. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయి, ఆయన మాత్రం దొర నోటికేసి చూస్తున్నాడు. తరవాత నావైపు తిరిగాడు. నేను తల వంచుకుని రాసుకుంటూ పోయాను.

ఉద్యోగం నాకు వచ్చింది. కబురు తెలిసిన రోజు మందిరంలో అందరి ముందూ ఆయనే నా మెడలో దండ వేశాడు. ఒక్కటే అడిగాడు, తన తండ్రిలాంటి వాళ్ళు వస్తే సగం మాట వదిలెయ్యవద్దని. వదల్లేదు. ఇది గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ముసలివాళ్ళు ఏడుస్తూ చెప్పినా, నత్తిగా చెప్పినా, తిట్టి చెప్పినా, చివరి ముక్క దాకా జడ్జీకి చేరవేశాను. తొందరపెట్టిన జడ్జీలతో మాటలు కూడా పడ్డాను. మంచి దుబాసీ అని పేరొచ్చింది. ఆ పేరు నాది కాదు. ఆయనైతే ఎలా చేసి ఉండేవాడో ఊహించుకుని అలా చేశాను, అంతే. నా పిల్లలు తిన్న అన్నం, కట్టిన ఇల్లు, కోర్టు మెట్ల మీద పరాయివాళ్ళు పెట్టిన దండాలు, అన్నీ ఆయన నాకు చదువు చెప్పినందువల్ల వచ్చినవే. ఇంత మేలు చేసిన మనిషి నాకు ఈ లోకంలో ఇంకొకరు లేరు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. జోడిస్తాను కూడా. జోడించిన చేతుల్ని చూసుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన చెరకులోనే ఉండిపోయాడు. చేతులు కాయలు కాచి, నడుము వంగింది. అయినా ఆదివారాలు మందిరం వరండాలో ఊళ్ళో కుర్రకారుకి తెలుగూ ఇంగ్లీషూ చెప్పడం మానలేదు. పదేళ్ళ తరవాత ఒకసారి నన్ను అతిథిగా పిలిచాడు. నల్లకోటు తొడుక్కుని వెళ్ళి కూర్చున్నాను. ఆయన పలక మీద ఆ అక్షరం రాశాడు. హరి అనండి అన్నాడు. అన్నారు. ఇప్పుడు అదే ఊపిరితో హౌస్ అనండి అన్నాడు. వరండా దద్దరిల్లేలా అన్నారు. అప్పుడు నావైపు చెయ్యి చూపించి, పాంప్లెమూస్‌లో దొరసాని వెనక తిరిగిన సంగతి అంతా చెప్పాడు. దాన్ని ఆయాసం అనుకున్నామని, అప్పట్లో మా ఇద్దరికీ తెలియదని, వినడం నేర్పిన తన గురువు మాత్రం ఈయనేనని చెప్పాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. తల ఊపాను.

ఆ తల ఊపడం మొదటి తప్పుకన్నా పెద్దది. మొదటిదానికి క్షణమే పట్టింది. ఈసారి ఆయన నాకు తీరుబడిగా, అందరి ముందూ, నవ్వుతూ నిజం ఒప్పుకునే దారి ఇచ్చాడు. నిజంగా నాకు తెలియదనుకునే అన్నాడా? లేక అంతా తెలిసి, నన్ను ఆ సిగ్గులోంచి బయటికి లాగడానికి అన్నాడా? ఆరేళ్ళు బల్ల దగ్గర నిలబడ్డవాడికి తెలియకపోవడం ఏమిటని ఆయనంతటి తెలివిగలవాడికి ఒక్కసారైనా తట్టదా? ఎన్ని రాత్రులు తిప్పి తిప్పి చూశానో. అడగలేదు. అడిగితే చెప్పవలసింది నేను.

పోయిన తుపాను రోజుల్లో ఆయన జ్వరంతో పోయాడు. మంచం దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, నువ్వొచ్చావు చాలు అన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఇక ఎవరు క్షమించాలి నన్ను? క్షమించే మనిషి లేడు. మిమ్మల్ని అడగటం లేదు. మీకు ఆ హక్కు లేదు, నాకు ఆ అర్హత లేదు. విన్నారు, అదే పదివేలు.

మా ఇద్దరికీ తెలియదన్నాడు ఆయన. కోర్టులో సాక్షి మాటని సగంలో వదలకుండా చెప్పిన మనిషిని గనక, ఆ మాటలో నేను ఇన్నేళ్ళూ దాచిన సగం ఇప్పుడు చెబుతున్నాను. ఆయనకి తెలియదు. నాకు తెలుసు.