పాలసీకి పెట్టిన మంచి గడియ

మస్కట్‌లో నాకు కడుపునొప్పి రావడంలో మస్కట్ తప్పేమీ లేదు. తప్పంతా రాజంపేటలో, మా అత్తగారి నట్టింట్లో, నలుగురు పెద్దమనుషులు పంచాంగం ముందు వేసుకుని కూర్చున్న రోజున జరిగింది. ఆ నలుగురూ ఆ తర్వాత కూడా నిక్షేపంగా ఉన్నారని మనవి.

రెండువేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళయింది. మావారికి మస్కట్‌లో ఇనుప సామాన్ల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. మావాళ్ళ బట్టల కొట్టు ముగ్గురు అన్నదమ్ములకు చాలడం లేదు గనుక ఇంట్లో ఎవరికీ బాధ లేదు. మా తోటికోడళ్ళయితే నా గది ఎవరికి రావాలో అప్పుడే తేల్చుకున్నారు. ఇద్దరం కలిసే పోవాలి. కంపెనీవాళ్ళు ముందే ఒక మాట చెప్పారు. అక్కడి కాగితాలన్నీ పూర్తయి ఆరోగ్య బీమా కార్డు చేతికి రావడానికి నెల పడుతుంది, ఆ నెలకు మీ ఏర్పాటు మీరే చేసుకోండి, బీమా లేకుండా అక్కడి ఆస్పత్రి గడప తొక్కితే తట్టుకోలేరు అని. సరే, నెల రోజుల ప్రయాణపు పాలసీ ఒకటి తీసుకుని, విమానం ఎక్కే రోజున మొదలయ్యేలా రాయించుకుంటే సరి. ఇందులో అంత ఆలోచించాల్సిందేముంది?

ఉంది. టికెట్లు దొరికిన రోజు మూఢంలో పడింది. మూఢంలో మావాళ్ళు కొత్త చీపురు కూడా కొనరు. దీనికి మా అత్త దగ్గర విరుగుడుంది. పరస్థానం. మంచి రోజు చూసి మన సంచి ఒకటి వేరేవాళ్ళింట్లో పెట్టి వచ్చేస్తే ప్రయాణం ఆ రోజే మొదలైపోయినట్టు. తర్వాత ఎప్పుడు బయల్దేరినా ఆ సంచి చేతబట్టుకుని పోవడమే. దేవుడి కళ్ళుగప్పడానికి ఇంతకంటే సులువైన ఉపాయం నేనెక్కడా చూడలేదు. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. సంచే కదా, పెట్టుకోనీ అనుకున్నాను.

అప్పుడు మావారి మేనమామ గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో సగం మందికి పాలసీలు అంటగట్టిన ఏజెంటు ఆయన.

"ప్రయాణం యా పొద్దు మొదలైతాందో పాలసీ గూడా ఆ పొద్దే మొదలు గావల్ల. మూఢంలో మొదలుపెడితే ఇంగేమన్నా ఉండాదా?"

"విమానం ఎక్కేది ఇంకా మూడు వారాలకు గదా చిన్నాయనా," అన్నాను.

"నువ్వు ఊరుకో పాపా. సంచి పోయినాక మనిషి పోయినట్టే లెక్క," అంది అత్త.

మావారు లెక్కల మనిషి. ఆయనైనా అడ్డం చెప్తారేమోనని చూశాను. పెద్దవాళ్ళ ముందు ఆయనకు ఎక్కాలు కూడా గుర్తుండవు. తల ఊపి సంతకం పెట్టారు.

అలా మా సంచి పక్క వీధిలో మేనమామ ఇంటికి చేరింది. నా చీరలు రెండు, ఆయన పంచె, కందిపొడి డబ్బా. మూడు వారాలు అది మంచం కింద పడుకుంది. ఆ మూడు వారాలూ పాలసీ దాన్నే కాపాడింది. దానికి జ్వరం రాలేదు, కాలు విరగలేదు.

మేం మస్కట్‌లో దిగిన వారానికి పాలసీ గడువు తీరిపోయింది. కంపెనీ కార్డు ఇంకా రాలేదు. "ఏం కాదులే, మనకేమన్నా రోగాలా?" అన్నారు మావారు. అన్న రెండు రోజులకే, సెలవని నెయ్యి దండిగా పోసి ఎర్రకారం దోశలు వేసుకుని తిన్నాం. మధ్యాహ్నానికి నా కుడి పక్కటెముకల కింద ఎవరో తడిగుడ్డను మెలిపెట్టి పిండినట్టు నొప్పి. వీపులోకి పాకింది. స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో మూలిగాను.

చెప్తే ఆయన ఆస్పత్రికి తీసుకుపోతారు. బిల్లు కట్టడానికి కంపెనీ ముందు చెయ్యి చాపాలి. ఇంకా పనితనం చూస్తున్న రోజులు, వద్దు పొమ్మన్నా అనొచ్చు. ఈ భాగ్యానికేనా ఇంత దూరం వచ్చింది? అందుకే వాము నమిలాను. చచ్చిపోతానేమోనని భయమేసింది, అయినా నమిలాను. ఇంకో సంగతి మావారే నాకు ఎప్పుడో చెప్పారు. కార్డు రాకముందే మొదలైన రోగమని తెలిస్తే బీమావాళ్ళు పేచీ పెడతారట. కాబట్టి నా నొప్పి కార్డు వచ్చాకే పుట్టాలి.

తింటే నొప్పి, తినకపోతే ప్రశ్నలు. అందుకని ఉపవాసాలు పట్టాను. శనివారం వేంకటేశ్వరుడికి, ఆదివారం సూర్యుడికి, సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి. గురువారానికీ శుక్రవారానికీ దేవుళ్ళకు కొదవా? బుధవారం ఒక్కటే ఇబ్బంది పెట్టింది, దాన్ని ఒంటిమిట్ట రాముడి పేరున మొక్కుబడిగా సర్దేశాను. పుట్టి బుద్ధెరిగాక ఒక పూట తిండి మానని దాన్ని నేను. ఈ భక్తి సంగతి ఫోనులో రాజంపేటకు చేరింది.

"మా కోడలు శానా మారిపోయిందప్పా," అని మా అత్త వీధంతా చెప్పుకుందట.

అద్దంలో కళ్ళు పసుపుపచ్చగా కనబడిన రోజు మాత్రం కూర్చుని ఏడ్చాను. ఆ పంచాంగాన్నీ, ఆ మేనమామనీ, ఆ సంచినీ, అందులో ఉన్న నా చీరల్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టినంతసేపు నొప్పి కొంచెం తగ్గినట్టే ఉండింది.

చివరికి ఒక మధ్యాహ్నం మావారు కార్డులు పట్టుకొచ్చారు. చెప్పులు విడవబోతుంటే వద్దన్నాను.

"కడుపులో నొప్పిగా ఉంది. ఆస్పత్రికి పోదాం పదండి."

"ఎప్పట్నించి?"

"ఈ పొద్దు పొద్దున్నించి."

ఆయన నా మొహంలోకి చూశారు. టాక్సీ పిలవడానికి కిందికి దిగారు.

డాక్టరమ్మ మలయాళీ. పొట్ట నొక్కి, స్కానింగు చేయించి, పిత్తాశయంలో రాళ్ళున్నాయంది. ఒకటి జారి నాళంలో అడ్డం పడిందట. కడప జిల్లావాళ్ళం, రాళ్ళకు మాకేం తక్కువ అనుకున్నాను. నొప్పి ఎప్పుడు మొదలైందని హిందీలో అడిగింది. ఇన్నాళ్ళూ మనసులో వల్లెవేసుకున్న జవాబే. నోరు తెరిచాను.

నాకంటే ముందు మావారు మాట్లాడారు, మా కడప ఉర్దూలో. రెండు వారాల పైనే అయిందన్నారు. తినడం మానేసింది, రాత్రిళ్ళు కుడివైపు తిరిగి పడుకోవడం లేదు, స్నానాల గదిలో కొళాయి ఊరికే పారుతోంది అని ఒక్కొక్కటే చెప్పారు. బల్ల కింద ఆయన చెయ్యి గట్టిగా నొక్కాను, ఆపమని. ఆపలేదు. డాక్టరమ్మ అంతా రాసుకుంది.

"ఏం పని చేసినారు మీరు? కార్డు ఇంకెందుకు పనికొస్తాది?" అన్నాను తెలుగులో.

"ఆయమ్మకు అబద్ధం చెప్తే నీకు తప్పు మందు ఇస్తాదే. ఎప్పుడో నేనే అడగల్లనుకున్యా. నువ్వు కార్డు కోసం చూస్తాండావని తెలిసి, నేనూ చూస్తా కూచుంటి," అన్నారాయన.

ఆ మాటల వల్ల బీమావాళ్ళు బిల్లులో కోత పెట్టారు. అది తర్వాతి సంగతి. ఆ క్షణాన నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని రోజులు పళ్ళబిగువున దాచుకున్నదాన్ని ఈ మనిషి తెలిసీ ఊరుకుని, తీరా పనికొచ్చేవేళకు బయటపెట్టేశారు. ఆపరేషన్ గది తలుపు దాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యి మాత్రం నర్సు వచ్చి విడిపించేదాకా వదల్లేదు.